మావాణ్ణి ఎనిమిదో నంబర్ నుంచి ప్రాప్‌కి మార్చారు. ఇది పైకి ఎక్కించడమా, కిందికి దించడమా?

సుజాత_డర్బన్
మావాడికి పదహారు నిండాయి. ఇక్కడ డర్బన్‌లో స్కూల్ రగ్బీ ఆడతాడు. నాలుగేళ్లుగా ఎనిమిదో నంబర్, అంటే రెండు జట్ల నుంచి ఎనిమిదేసి మంది వంగి నెట్టుకునే స్క్రమ్‌లో అందరికంటే వెనకవాడు. బంతి చంకలో పెట్టుకుని పరిగెత్తడం, అవతలి గీత దాటి బంతి నేలకి ఆనించి ట్రై కొట్టడం, శనివారం సాయంత్రం ఆ వీడియోలు కర్నూలులో ఉన్న తాతయ్యకి పంపడం, వాడి లోకం అదే. పోయిన సోమవారం కోచ్ పిలిచి వచ్చే సీజన్ నుంచి నువ్వు లూజ్‌హెడ్ ప్రాప్ అన్నాడట. ఇంటికొచ్చి బూట్లు బాల్కనీలోకి విసిరేసి గదిలో పడుకున్నాడు. రెండు రోజులు సరిగ్గా అన్నం తినలేదు. "లావుగా ఉన్నానని ఆ మూలకి తోసేశారమ్మా" అంటాడు.

మా ఆయనకి క్రికెట్ తప్ప ఇంకో ఆట తెలియదు. నాకు తెలిసింది గట్టు మీద నిలబడి చూసినంత మేరకే. స్క్రమ్ ముందు వరసలో తల దూర్చి నెట్టేవాడు ప్రాప్, మెడ మీద బరువంతా వాడిదే అని మాత్రం తెలుసు. భయంగా ఉంది. కోచ్‌తో వెళ్లి మాట్లాడాలా? తెలిసినవాళ్లు చెప్పండి.

శీను_వైజాగ్
డర్బన్‌లో ఉండి ఈ ప్రశ్న అడుగుతున్నారా అక్కా! మీ ఊళ్లోనే, అచ్చం ఇలాగే, బంతి పట్టుకుని పరిగెత్తే కుర్రాణ్ణి ప్రాప్ చేశారు. పేరు టెండాయ్ మ్తవరీరా.

సుజాత_డర్బన్
బీస్టా? ఆయన ఎనిమిదో నంబర్ ఆడేవాడా? మావాడి గదిలో ఆయన బొమ్మ ఉంది. వాడికి కూడా ఈ సంగతి తెలిసినట్టు లేదు.

శీను_వైజాగ్
ఆడేవాడు. కాస్త పెద్దగా రాస్తాను, మీవాడికి చదివి వినిపించండి.

1985 ఆగస్టు 1న హరారేలో పుట్టాడు. జింబాబ్వే వాడు. బీస్ట్ అనే పేరు డర్బన్‌లో వచ్చింది కాదు, చిన్నప్పుడు బడిలో స్నేహితుడు పెట్టింది. మరొండెరా దగ్గర పీటర్‌హౌస్ అనే బోర్డింగ్ స్కూల్లో చదివాడు. అక్కడ ఆడింది వెనక వరసలోనే. ఆ ఆట చూసే మీ ఊరి జట్టు షార్క్స్ అకాడమీ వాళ్లు డర్బన్‌కి తీసుకొచ్చారు. అంటే ఆ కుర్రాడు ఇల్లూ దేశమూ వదిలి వచ్చింది పరిగెత్తే ఆటగాడిగా. ఇక్కడికొచ్చాక షార్క్స్ కోచ్ డిక్ మ్యూర్ నీ చోటు వెనక వరసలో కాదు, ముందు వరసలో అన్నాడు. మీవాడు విన్న మాటే. అతను కూడా ఎగిరి గంతేసి ఒప్పుకున్నవాడేం కాదు.

ఆ తర్వాత సంగతి చూడండి. 2007లో షార్క్స్‌కి సూపర్ 14 లీగ్ ఆడాడు. 2008 జూన్ 14న ప్రిటోరియాలో వేల్స్ మీద దక్షిణాఫ్రికా జాతీయ జట్టు స్ప్రింగ్‌బాక్ జెర్సీ వేసుకున్నాడు. అప్పటికి ఇరవై మూడేళ్లు కూడా నిండలేదు, ప్రాప్‌గా చేతివేళ్ల మీద లెక్కపెట్టేన్ని సీజన్లు ఆడాడు. ఇంకో ఏడాదికి బ్రిటన్, ఐర్లాండ్ ఆటగాళ్ల ఉమ్మడి జట్టు లయన్స్ వచ్చారు. ఆ కథ తర్వాత చెబుతాను, ఆఫీసులో ఉన్నాను.

పదో_నంబర్
మధ్యలో ఆపేస్తే ఎలా అన్నా? డైలీ సీరియల్ రాస్తున్నారా?

రఘు_కార్డిఫ్
శీను గారు చెప్పినవి నిజాలే. కానీ ఒక్క బీస్ట్‌ని చూపించి పదహారేళ్ల పిల్లాణ్ణి ముందు వరసలోకి తోయడం నాకు నచ్చదు. వెనక వరస నుంచి ముందుకి మార్చాక కనపడకుండా పోయినవాళ్లు ఎంతమందో. వాళ్ల బొమ్మలు ఎవరి గదిలోనూ ఉండవు.

నా సంగతే చెబుతాను. ఎంఎస్‌కి ఇక్కడికి వచ్చినప్పుడు ఒక చిన్న క్లబ్‌లో ఫ్లాంకర్‌గా చేరాను, అదీ వెనక వరస చోటే. ఒక శనివారం ప్రాప్ రాలేదు. నువ్వు గట్టిగానే ఉన్నావు కదా, ఈ పూటకి సర్దుకో అన్నారు. ఆ పూట రెండు సీజన్లయింది. మెడ ఎలా పెట్టాలో, పాదాలు ఎక్కడ ఉండాలో ఒక్కరూ కూర్చోబెట్టి నేర్పలేదు. ఒకరోజు స్క్రమ్ కూలింది. నా తల కింద, మీద మిగతా అందరూ. ఎడమ చెయ్యి వేళ్ల దాకా కరెంటు కొట్టినట్టయింది. మూడు నెలలు మెడపట్టీ. ఇప్పటికీ చలికాలంలో కారు వెనక్కి తీసేటప్పుడు మెడ తిరగదు.

అందుకే సుజాత గారూ, ప్రాప్ మంచిదా చెడ్డదా అని కాదు, నేర్పేవాళ్లు ఉన్నారా అని అడగండి కోచ్‌ని. ముందు అదొక్కటే అడగండి.

లత_ఫిజియో
రఘు గారి మాటకి నా ఓటు. పదేళ్లుగా ఆటగాళ్లకి ఫిజియో చేస్తున్నాను. ముందు వరసలో దెబ్బ తగిలి వచ్చినవాళ్లలో నేను చూసినంత వరకు ఎక్కువమంది అరకొరగా నేర్చుకుని దిగినవాళ్లే.

కొంచెం ధైర్యం చెప్పే సంగతులు కూడా ఉన్నాయి. బీస్ట్ నేర్చుకున్న రోజుల్లో రెండు పక్షాలూ దూరం నుంచి దూకి ఢీకొట్టేవి. 2013 నుంచి పద్ధతి మారింది. రిఫరీ "క్రౌచ్" అంటాడు, వంగుతారు. "బైండ్" అంటాడు, ఎదుటి ప్రాప్ జెర్సీ పట్టుకుంటారు. అలా ఒకరినొకరు పట్టుకుని నిలదొక్కుకున్నాకే "సెట్". ఢీ దెబ్బ తగ్గడానికే ఈ మార్పు. పైగా పంతొమ్మిదేళ్ల లోపు ఆటల్లో స్క్రమ్‌ని ఒకటిన్నర మీటర్ మించి నెట్టకూడదు. ముందు వరసకి శిక్షణ పొందిన పిల్లలు లేకపోతే నెట్టుడు లేని స్క్రమ్ ఆడించాలి. ఈ రెండూ మీరు కోచ్ దగ్గర ధైర్యంగా ఎత్తవచ్చు, తల్లిగా మీ హక్కు.

బాబు మెడకి ఇప్పుడే ఏమైనా వ్యాయామాలు చేయిస్తున్నారా?

సుజాత_డర్బన్
తెలియదు లత గారూ. అడుగుతాను. రఘు గారూ, మీ పోస్టు మా ఆయనకి చదివి వినిపించాను. ఈసారి స్కూలుకి తనూ వస్తానన్నాడు.

ఒంగోలు_గిత్త
నేను రగ్బీ ఆడలేదమ్మా. మా తాత ఎద్దులు కట్టేవాడు, బండలాగుడు పందేలకి తీసుకెళ్లేవాడు. ఈ మధ్య మా మేనల్లుడు చూపిస్తే ఈ స్క్రమ్ అనేది చూశాను. చూడగానే కాడి గుర్తొచ్చింది. ఎనిమిది మంది కలిపి తొమ్మిది వందల కిలోలకి అటూ ఇటూ, ఒకే అదనులో కదలాలి. ఒకడు ముందు లాగితే కాడి వంకర పోతుంది.

నాకో సందేహం. లూజ్‌హెడ్, టైట్‌హెడ్ అంటారు కదా, ఆ రెండూ ఒకటి కావా? మా దగ్గర ఎలపటెద్దుని దాపట, అంటే కుడి ఎద్దుని ఎడమన, కడితే అడుగు పడదు.

శీను_వైజాగ్
బాబాయ్, ఈ పోలిక నాకు ఇన్నేళ్లలో తట్టలేదు. సరిగ్గా అంతే! ఒకటో నంబర్ లూజ్‌హెడ్, దాపట. మూడో నంబర్ టైట్‌హెడ్, ఎలపట. మధ్యలో రెండో నంబర్ హుకర్. లూజ్‌హెడ్‌కి ఒక భుజానికే బరువు, తల ఎడమ పక్క ఖాళీగా ఉంటుంది. అందుకే ఆ పేరు. టైట్‌హెడ్ తల మాత్రం ఎదుటి హుకర్‌కీ ఎదుటి లూజ్‌హెడ్‌కీ మధ్య ఇరుక్కుంటుంది, రెండు భుజాల మీదా బరువే. పట్టు కూడా వేరు. లూజ్‌హెడ్ ఎడమ చెయ్యి లోపలి నుంచి వెళ్లాలి, టైట్‌హెడ్ కుడి చెయ్యి బయటి నుంచి. ఉడుం పట్టులా పట్టాలి ఇద్దరూ.

ఒక వైపు అలవాటైన మెడ, నడుము రెండో వైపుకి ఒప్పుకోవు. ఐర్లాండ్ ఆటగాడు ఆండ్రూ పోర్టర్ 2021లో మూడు నుంచి ఒకటికి మారి నిలబడ్డాడు కానీ అలాంటివాళ్లు అరుదు.

ఒంగోలు_గిత్త
అయితే కుర్రాణ్ణి దాపట కట్టారన్నమాట. కొత్త గిత్తని ముదురు ఎద్దు పక్కనే కడతారు మావాళ్లు. పక్కవాడు ఎవడో కనుక్కోండి సుజాతమ్మా.

చందు_డబ్లిన్
బాబాయ్ చివరి మాట బంగారం. బీస్ట్ పక్కన ఎవరున్నారో చూడండి. షార్క్స్‌లో బిస్మార్క్ డు ప్లెసీ హుకర్, 2008లో ఫ్రాన్స్ నుంచి తిరిగొచ్చిన జాన్ స్మిట్ ఉన్నాడు. స్మిట్ 2007 ప్రపంచకప్ గెలిచిన కెప్టెన్. అలాంటివాడు పక్కనుంటే ఒక్క సీజన్‌లో నేర్చుకునేది వేరు.

ఇక్కడి ఉదాహరణ ఇంకోటి. టైగ్ ఫర్లాంగ్. వెక్స్‌ఫర్డ్ జిల్లాలో క్యాంపైల్ అనే ఊరు, వ్యవసాయ కుటుంబం. నాన్న కూడా న్యూరాస్ క్లబ్‌కి ప్రాపే. 2013లో డబ్లిన్ జట్టు లెన్‌స్టర్‌కి మొదటి మ్యాచ్ ఆడాడు. కానీ అక్కడ అప్పటికే మైక్ రాస్, మార్టీ మూర్ ఉన్నారు. ఏళ్ల తరబడి బెంచీ, చివరి పది నిమిషాలు. 2015 ఆగస్టులో ఐర్లాండ్‌కి ఆడాడు, అదీ బెంచీ మీద నుంచే. 2016 నవంబర్‌లో షికాగోలో ఐర్లాండ్ మొట్టమొదటిసారి న్యూజిలాండ్‌ని ఓడించింది, 40-29. ఆ రోజు మూడో నంబర్ జెర్సీతో మొదటి నుంచి ఆడింది ఇతనే. ఇంకో ఏడు నెలలకి లయన్స్ తరఫున మూడు టెస్టులూ, అంటే జాతీయ జట్టు మీద ఆడే మ్యాచ్‌లు.

మీవాడికి చెప్పండి, ప్రాప్‌కి తొందర ఉండదు. అంచున పరిగెత్తే వింగర్లు ఇరవైకే మెరుస్తారు, ప్రాప్ ఇరవై అయిదుకి కానీ పండడు.

పదో_నంబర్
రఘు అన్న అన్నదానికి ఎవరూ జవాబు చెప్పలేదు. మారి కనపడకుండా పోయినవాళ్ల మాటేంటి?

ఆక్లాండ్_వేణు
మారకుండా కనపడకుండా పోయినవాళ్లు అంతకంటే ఎక్కువ తమ్ముడూ. స్కూల్లో ఎనిమిదో నంబర్‌గా వెలిగినవాళ్లలో పెద్దయ్యాక ఆ చోటు దక్కేది ఎంతమందికి? ప్రతి స్కూల్లో మంచి ఆటగాడికి ఇచ్చే నంబర్ అది. పైకి వెళ్లేకొద్దీ అందరూ ఎనిమిదులే పోగవుతారు. పెద్ద మ్యాచ్‌కి 23 మందిని తీసుకెళ్తారు, బెంచీ మీద ఎనిమిది మంది, అందులో కనీసం ముగ్గురు ముందు వరసవాళ్లే ఉండాలని రూలు. మంచి ప్రాప్ ఎప్పుడూ ఖాళీగా కూర్చోడు.

ఇంకో మాట. వయసు దాటిపోయిందని అనుకున్నాక కూడా ఈ చోటు తలుపు తీస్తుంది. ఇక్కడ కార్ల్ టుఇనుకువాఫే అని ఒకతను ఉండేవాడు. సెక్యూరిటీ గార్డు ఉద్యోగం చేసుకునేవాడు. ఒళ్లు విపరీతంగా పెరిగిపోయి, బరువు తగ్గాలని డాక్టర్ చెబితే మళ్లీ రగ్బీ పట్టుకున్నాడు. 2018లో న్యూజిలాండ్ జాతీయ జట్టు ఆల్ బ్లాక్స్‌కి ప్రాప్‌గా ఆడాడు.

రఘు_కార్డిఫ్
వేణు గారి లెక్క ఒప్పుకుంటాను. నా అభ్యంతరం శిక్షణ గురించే, చోటు గురించి కాదు.

శీను_వైజాగ్
ఇప్పుడు తీరిక దొరికింది. 2009 జూన్ 20, కింగ్స్ పార్క్. నేను అప్పుడు డర్బన్ పోర్టులో షిప్పింగ్ ఆఫీసులో పని. టికెట్ ఎలా దొరికిందో ఇప్పటికీ నమ్మలేను. మా ఆఫీసులో మధ్యాహ్నాలు పప్పు, అన్నం పంచుకునే ఒకాయన ఇప్పించాడు. వాళ్ల ముత్తాతలు 1860 తర్వాత చెరకు తోటల పనికి ఓడెక్కి వచ్చిన తెలుగువాళ్లు. ఆంధ్ర మహాసభకి వెళ్లేవాడు, తెలుగు కూడబలుక్కుని చదివేవాడు. ఇద్దరం పక్కపక్కన కూర్చున్నాం.

లయన్స్ అంటే ఇంగ్లండ్, వేల్స్, స్కాట్లాండ్, ఐర్లాండ్ కలిసిన జట్టు. దక్షిణాఫ్రికాకి పన్నెండేళ్లకి ఒకసారి వస్తారు. వాళ్ల టైట్‌హెడ్ ఫిల్ విక్రీ. 2003 ప్రపంచకప్ గెలిచినవాడు, ముప్పై మూడేళ్ల మనిషి. ఇటు బీస్ట్, ఇరవై మూడు. ప్రాప్‌ల లెక్కలో పాలు తాగే వయసు.

మొదటి స్క్రమ్‌లో ఏం జరిగిందో మా సీట్ల నుంచి తెలియలేదు. రెండోసారి చూశాం. లయన్స్ కుడి పక్క నెమ్మదిగా పైకి లేచింది. విక్రీ నడుము వంగి, కాళ్లు ఆధారం దొరక్క జారాయి, అంత బరువు మనిషి అట్టముక్కలా మడతపడ్డాడు. రిఫరీ చెయ్యి లేచింది, పెనాల్టీ. మళ్లీ స్క్రమ్, మళ్లీ అదే. ప్రతిసారీ గ్రౌండంతా "బీ...స్ట్" అని సాగదీసి అరుపు. కొత్తగా వచ్చినవాళ్లకి అది ఎగతాళి కూతలా వినిపిస్తుంది. నా పక్కాయన గొంతు పోయి చివరికి చేతులు మాత్రమే ఊపాడు. రెండో సగం మొదలైన కాసేపటికే విక్రీని బయటికి తీసి ఆడమ్ జోన్స్‌ని దింపారు. 26-21తో స్ప్రింగ్‌బాక్స్ గెలిచారు. మ్యాన్ ఆఫ్ ది మ్యాచ్ బీస్ట్. ప్రాప్‌కి ఆ అవార్డు రావడం ఎంత అరుదో రగ్బీ చూసేవాళ్లని అడగండి.

పరిగెత్తే చోటు వదిలి మూడు నాలుగేళ్లు కాలేదు. అదీ సంగతి అక్కా.

రఘు_కార్డిఫ్
ఇక్కడ నేను ఊరుకోను శీను గారూ. ఆ రోజు బీస్ట్ నిటారుగా నెట్టలేదు. పక్కకి తిరిగి ఏటవాలుగా లోపలికి దూరాడు. అది ఫౌల్. రిఫరీ విక్రీకి వ్యతిరేకంగా ఊదుతూ పోయాడు. ఈ మాట కార్డిఫ్‌లో ఏ పబ్బులో అడిగినా చెబుతారు.

శీను_వైజాగ్
కార్డిఫ్ పబ్బులో ఇంకేం చెబుతారు రఘు గారూ! కొంచెం కోణం ఉంది, కాదనను. కానీ లూజ్‌హెడ్ కోణం మార్చితే దాన్ని కాసేవాడే మంచి టైట్‌హెడ్. జోన్స్ వచ్చాక లయన్స్ స్క్రమ్ కుదురుకుందా లేదా?

రఘు_కార్డిఫ్
కుదురుకుంది. అందుకే అంటున్నాను, కథ అక్కడ ఆపకండి. రెండో టెస్టులో జోన్స్ మొదటి నుంచి ఆడాడు, బీస్ట్ ఆటలు సాగలేదు. జోన్స్ భుజం జారి బయటికి వెళ్లేదాకా లయన్స్ స్క్రమ్ గట్టిగా నిలబడింది. మూడో టెస్టు జొహానెస్‌బర్గ్‌లో. జోన్స్ లేడు కాబట్టి మళ్లీ విక్రీ, ఎదురుగా మళ్లీ బీస్ట్. ప్రపంచమంతా నవ్విన రెండు వారాలకి అదే మనిషి అదే కుర్రాడి ముందు తల దించి నిలబడ్డాడు. ఈసారి జంకలేదు. లయన్స్ 28-9తో గెలిచారు. నేను ఆ రోజు ఏడ్చాను. ప్రాప్ గురించి పిల్లాడికి చెప్పాలంటే బీస్ట్ గెలిచిన రోజుతో పాటు విక్రీ తిరిగొచ్చిన రోజు కూడా చెప్పండి.

చందు_డబ్లిన్
ఈ ఒక్క పోస్టుకి రఘు గారికి వంద దండాలు.

శీను_వైజాగ్
నావి కూడా కలుపుకోండి. మూడో టెస్టు నేను కావాలనే దాటేశాను, తప్పు నాదే.

పదో_నంబర్
జింబాబ్వే వాడు దక్షిణాఫ్రికాకి ఎలా ఆడాడు? పాస్‌పోర్ట్ అక్కర్లేదా?

చందు_డబ్లిన్
రగ్బీలో పాస్‌పోర్ట్ కాదు, నివాసం చూస్తారు. అప్పట్లో మూడేళ్లు వరసగా ఉంటే చాలు, ఇప్పుడు అయిదేళ్లు. రూలు ప్రకారం అతను సరిగ్గానే ఆడాడు. కానీ 2010లో పౌరసత్వం లేనివాణ్ణి జాతీయ జట్టులో ఎలా ఆడిస్తారని అక్కడ ప్రభుత్వం నుంచే ప్రశ్న వచ్చింది. లయన్స్‌ని ఓడించిన ఏడాదికే! ఆ ఏడాదే పౌరసత్వం వచ్చి గొడవ సద్దుమణిగింది.

ఆక్లాండ్_వేణు
వీసా టెన్షన్ ఎలా ఉంటుందో ఇక్కడున్న మనందరికీ తెలుసు. పొద్దున మెయిల్ తెరవాలంటే గుండె దడ. అది నెత్తిమీద పెట్టుకుని టెస్టు మ్యాచ్ ఆడటం ఊహించండి.

పదో_నంబర్
అయినా తన దేశం వదిలేసి...

నిర్వాహకుడు
ఏ దేశానికి ఆడాలన్న చర్చకి వేరే థ్రెడ్ తెరవండి. ఇక్కడ సుజాత గారి అబ్బాయి సంగతి.

లత_ఫిజియో
గుండె దడ అంటే గుర్తొచ్చింది. బీస్ట్‌కి నిజంగానే గుండె లయ తప్పే సమస్య వచ్చింది. ఆట ఆపి, ఆసుపత్రిలో చికిత్స చేయించుకుని తిరిగొచ్చాడు. మోటుమనిషిలా కనిపిస్తారు కదా అని ప్రాప్‌లకి పరీక్షలు అక్కర్లేదని అనుకోకండి.

బరువు గురించి కూడా ముందే చెబుతాను. ప్రాప్ అనగానే ఇంట్లో నెయ్యి గిన్నె బయటికి తీస్తారు. వద్దు. పదహారేళ్లకి కావాల్సింది పొట్ట కాదు, మెడ, వెన్ను, తొడలు. ఇద్దరు పిల్లలు మోకాళ్ల మీద కూర్చుని, ఒకరి నుదుటికి ఒకరు అరచెయ్యి ఆనించి, కదలకుండా పది సెకన్లు నెట్టాలి. నాలుగు వైపులా. ఖర్చు లేదు, జిమ్ అక్కర్లేదు. నొప్పి వస్తే ఆపాలి, చేతిలో తిమ్మిరి వస్తే ఆ రోజే డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. తలకి దెబ్బ తగిలిందని అనుమానం వచ్చినా చాలు, బయటికి వచ్చేయాలి.

గుంటూరు_కార్నర్
ఆలస్యంగా చూశాను. నేను కబడ్డీ. యూనివర్సిటీ జట్టులో రైడర్‌ని, కార్నర్‌కి మార్చారు. చప్పట్లన్నీ రైడర్‌కే కదా, నెల రోజులు మొహం మాడ్చుకుని తిరిగాను. తర్వాత ఒకరోజు ఎదుటి రైడర్ చీలమండ నా చేతికి చిక్కింది. వాడు గీత వైపు ఈడుస్తున్నాడు, నేను వదలను. ఆ పట్టు రుచి తెలిసినవాడికి మళ్లీ కూతకి వెళ్లాలనిపించదు. మీవాడికి ఒక మంచి స్క్రమ్ పడాలి, అంతే. అప్పటిదాకా ఎవరు చెప్పినా ఎక్కదు.

హైదరాబాద్_సెవెన్స్
మన దగ్గర ఈ అవకాశమే లేదు. 2025లో రగ్బీ ప్రీమియర్ లీగ్ పెట్టారు, హైదరాబాద్ హీరోస్ జట్టు కూడా ఉంది. కానీ అది సెవెన్స్, ఏడుగురి ఆట. స్క్రమ్‌కి ముగ్గురే. పదిహేను మంది ఆటలో ఉండే అసలు ప్రాప్ ఎలా తయారవుతాడో మా పిల్లలు వీడియోల్లో చూడటమే. బాబుకి నేర్పే కోచ్ ఉంటే వదులుకోవద్దు అక్కా.

సుజాత_డర్బన్
మూడు వారాలు రాయలేకపోయాను, ఏమనుకోకండి.

ఇద్దరం స్కూలుకి వెళ్లాం. రఘు గారు చెప్పినట్టు మొదటి మాటే అడిగాను, నేర్పేది ఎవరు అని. కోచ్ నొచ్చుకుంటాడేమో అనుకున్నాను, లేదు. ముందు వరస పిల్లలకి వారానికి రెండు సాయంత్రాలు విడిగా ప్రాక్టీస్ ఉందట, పాతికేళ్లు ప్రాప్‌గా ఆడిన పెద్దాయన వచ్చి చూసుకుంటాడట. మొదటి నెలంతా నెట్టడం మెషిన్ మీదే, మనుషుల మీద కాదు. లత గారు చెప్పిన మెడ వ్యాయామం వాళ్లూ చేయిస్తున్నారు. లావుగా ఉన్నాడనా మార్చారు అని మా ఆయన సూటిగానే అడిగాడు. తొడలు పొడుగు తక్కువ, వీపు వెడల్పు, కింద వంగినా వెన్ను పలకలా ఉంటుంది, ఎనిమిదో నంబర్‌గా ఈ స్కూల్ దాకానే ఆడతాడు, ప్రాప్‌గా ఇంకా దూరం వెళ్తాడు అన్నాడు.

శీను గారు రాసింది వాడికి చదివి వినిపించాను. మొదటిసారి విననట్టు నటించాడు. రాత్రి చూస్తే ఫోన్లో ఆ 2009 మ్యాచే చూస్తున్నాడు. "అమ్మా, విక్రీ కుడి మోచెయ్యి కిందికి పోయింది చూడు, అక్కడే పట్టు పోయింది" అన్నాడు. నాకేం కనపడలేదు కానీ అవునన్నాను. మూడో టెస్టు కూడా చూశాడు రఘు గారూ, రెండుసార్లు.

రఘు_కార్డిఫ్
మోచెయ్యి సంగతి పట్టుకున్నాడంటే కన్ను ఉంది. సంతోషం. కానీ మెషిన్ మీద ఒక్క నెలేనా? అది చాలకపోతే ఇంకో నెల అడగడానికి మొహమాటపడకండి.

శీను_వైజాగ్
పదేళ్ల తర్వాతి మ్యాచ్ కూడా చూపించండి. 2019 నవంబర్ 2, యోకొహామా, ప్రపంచకప్ ఫైనల్. అదే ఒకటో నంబర్ జెర్సీ. ఎదుటి టైట్‌హెడ్ సింక్లర్ మొదటి నిమిషాల్లోనే తలకి దెబ్బ తగిలి వెళ్లిపోతే డాన్ కోల్ వచ్చాడు. ఆ సాయంత్రం ఇంగ్లండ్ స్క్రమ్ ఎన్నిసార్లు వెనక్కి నడిచిందో. 32-12. బీస్ట్‌కి అది 117వ టెస్టు, చివరిది. ముప్పై నాలుగేళ్లు.

ఒంగోలు_గిత్త
పక్కన ఎవర్ని కట్టారో చెప్పలేదు సుజాతమ్మా.

సుజాత_డర్బన్
చెప్పడం మరిచాను బాబాయ్ గారూ. హుకర్ కుర్రాడు మావాడికంటే ఏడాది పెద్ద, మూడేళ్లుగా అదే చోట ఆడుతున్నాడు. జూలూ పిల్లాడు, పోయిన ఆదివారం మా ఇంటికి భోజనానికి వచ్చాడు. ఇద్దరూ హాల్లో సోఫా జరిపేసి, భుజాలు పట్టుకుని, పాదాలు ఎక్కడ పెట్టాలో కొలుచుకుంటూ గంటసేపు వంగి నిలబడ్డారు. నన్ను రిఫరీగా "క్రౌచ్, బైండ్, సెట్" అనమన్నారు. టీపాయ్ కాలు విరిగింది.

మెషిన్ మీద నెల పూర్తయి, కొత్త సీజన్ మొదలయ్యాక మొన్న శనివారం చివరి ఇరవై నిమిషాలు దింపారు. మొదటి స్క్రమ్‌లో వెనక్కి నెట్టించుకున్నాడు, నా ప్రాణం గొంతులోకి వచ్చింది. రెండోది కూలింది, లేచాడు. మూడోది మా అయిదు మీటర్ల గీత దగ్గర, అవతలివాళ్ల బంతి. గట్టు మీద నుంచి నాకు వాడి ఎడమ చెయ్యి ఒక్కటే కనిపిస్తోంది, ఎదుటి పిల్లాడి జెర్సీ పిడికిట్లో. ఆ పిడికిలి కదల్లేదు. కాసేపటికి అవతలి పక్క నెమ్మదిగా లేచింది. పెనాల్టీ మనవాళ్లకి. వాడు లేచి నిలబడి ఎవరి వంకా చూడలేదు, చెవి రుద్దుకున్నాడు. ఇంటికొచ్చాక ఎడమ భుజం తోలు లేచిపోయి ఎర్రగా ఉంది. కొబ్బరినూనె రాస్తుంటే "ట్రై కొట్టలేదుగా, తాతయ్యకి ఏ వీడియో పంపుతాం" అన్నాను. "ఆ స్క్రమ్ పంపు" అన్నాడు.

గుంటూరు_కార్నర్
పట్టు దొరికింది!

లత_ఫిజియో
తోలు లేచిన చోట కొబ్బరినూనె కంటే ముందు సబ్బునీళ్లతో కడగండి, మట్టి ఉంటే చీము పడుతుంది. చెవి ఉబ్బితే వెంటనే చూపించండి, ఆలస్యమైతే ఆ ఆకారం అలాగే గట్టిపడిపోతుంది. తలకి స్క్రమ్ క్యాప్ కొనండి, చెవులు కాపాడుతుంది.

సుజాత_డర్బన్
కొన్నాం లత గారూ. ఇంకో చిన్న సందేహం. స్కూల్ యూనిఫాం చొక్కా మెడ గుండీ పట్టడం లేదు, జనవరిలో కొన్నదే. టై కట్టాలంటే గుండీ పెట్టాల్సిందే. ఒక సైజు పెద్దది తీసుకోవాలా?

చందు_డబ్లిన్
రెండు సైజులు పెద్దది తీసుకోండి అక్కా. చేతులు పొడవైతే కుట్టించుకోవచ్చు.